తెన్సియాంగ్ అక్క పెరటి గుమ్మం

మా ఊళ్ళో తొమ్మిదిమంది ముసలివాళ్ళకి కత్తి దిగదు, తూటా తగలదు, పాము కరవదు. ఆ మాట చెప్పేది కూడా వాళ్ళే. వాళ్ళ సంఘానికి పెద్ద సెగుందినో నా మొగుడు. ఊరంతా గుండో అంటారు. కత్తి దిగని ఈ మహానుభావుడికి చేప ముల్లు గుచ్చుకుంటే వీధి చివరిదాకా వినబడేలా అరుస్తాడు. ఆ ముల్లు తీసేదాన్ని నేను, పస్తోరాని. అయితే ఈ కథ ఆయనదీ కాదు, నాదీ కాదు. తాల్ సరస్సు గట్టున, మా ఇంటికి మూడిళ్ళ అవతల ఇత్తడితో నగలు చేసే ఓర్తెన్సియా దిమాకులాంగన్‌ది. మేమంతా ఆవిడని తెన్సియాంగ్ అక్క అంటాం.

అక్కకి అరవై ఎనిమిదేళ్ళు. బక్కపలచని మనిషి. చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతుంది, అలాగే మాట్లాడుతుంది, అలాగే తిడుతుంది కూడా. పనులన్నీ ఎడమచేతితోనే. ఆవిడ ఇంటి కింద, స్తంభాల మధ్య, ఒక కొలిమి, ఒక దిమ్మ, రెండు ఆకురాళ్ళు, పాత తలుపు బందులూ కుళాయి ముక్కలూ ఉన్న ఒక బుట్ట. ఆ బుట్టలోంచే గొలుసులూ చెవిపోగులూ పుట్టుకొస్తాయి. మూడు మూలల బిళ్ళ, దాని నడుమ ఒక కన్ను, అంచు చుట్టూ పాత ప్రార్థన అక్షరాలు. లేదంటే మా తాతల తాతల సమాధులు తవ్వితే దొరికే చీలిక కడియం ఆకారం, గోరంత చేసి చెవులకి. ఒకప్పుడు మగాళ్ళు ఒంటికి కట్టుకుని యుద్ధాలకి పోయిన తాయెత్తులే ఇవన్నీ. ఇప్పుడు కాలేజీ పిల్లలు పెట్టుకుని జీపులో కిటికీ పక్క సీటు కోసం యుద్ధం చేస్తారు.

"అవ్వా, ఇది పెట్టుకుంటే మంచి మొగుడు దొరుకుతాడా?" అని ఒక పిల్ల అడిగింది ఓసారి.

"దొరకడానికి తాయెత్తు లేదు తల్లీ, ఉంటే నేనే కట్టుకునేదాన్ని. వదిలించుకోడానికైతే చెప్పు, రెండు రకాలున్నాయి," అంది అక్క.

ఆవిడకి పెళ్ళి కాలేదు. అడిగినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకడు కొలిమి మానెయ్యమన్నాడు, ఒకడు చుట్ట మానెయ్యమన్నాడు. ఇద్దరినీ మానేసింది.

ఆవిడ తండ్రి ఎలిసియో తాయెత్తులు పోత పోసేవాడు. నాలుగు ఊళ్ళకి ఆయనొక్కడే. పనసచెక్క మీద బొమ్మ చెక్కి, ఆ అచ్చుని మెత్తటి మట్టిలో అదిమి, పడిన గుంటలో కరిగిన ఇత్తడి పోసేవాడు. ఫాదర్లు ఆదివారం ఆదివారం తిట్టేవారు. జనం తల ఊపి, చొక్కా కింద తాయెత్తుని ఇంకొంచెం లోపలికి దోపుకుని సిలువ గుర్తు వేసుకునేవారు. జపాను సైనికులు ఇల్లిల్లూ వెతికినప్పుడు ఎలిసియో తన అచ్చులన్నీ రొయ్యల ఊరగాయ జాడీలో ముంచేశాడట. సైనికుడు మూత తీశాడు, ముక్కు మూసుకున్నాడు, పోయాడు. అలా బతికాయి మా ఊరి తాయెత్తులు. వాసన కొడుతూ బతికాయి, కానీ బతికాయి.

అచ్చులు కొడుక్కి వెళ్ళాలన్నది ఆచారం. ఎలిసియోకి కొడుకు లేడు. నలభై ఏళ్ళ కిందట ఆయన పోయాక తొమ్మిదో రోజు ప్రార్థనలు అవుతూనే సంఘం వాళ్ళు వచ్చి అచ్చుల పెట్టెని భుజాన వేసుకుపోయారు. ఆ సమయానికి అక్క వాళ్ళకి కాఫీ పోస్తోంది. మా ఆయన తన గ్లాసు ఖాళీ చేసి, "ఇంకొంచెం పొయ్యి," అని తాగి మరీ పెట్టె ఎత్తాడు. నాకు అప్పటికి కొత్తగా పెళ్ళైంది. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

మర్నాడే అక్క ఒక పనసచెక్క తీసుకుని గుర్తున్నది గుర్తున్నట్టు చెక్కడం మొదలుపెట్టింది. సంఘం వాళ్ళు వచ్చి నిలదీశారు.

"చెవిపోగులండీ, ఆడవాళ్ళకి," అంది.

"అలాగైతే సరే, బొమ్మలాటే కదా," అని వెళ్ళిపోయారు. పోత పోసేది ఆడదైతే అది తాయెత్తే కాదని వాళ్ళ నమ్మకం. నమ్మకం అంటే ఇక్కడ మళ్ళీ చూడకపోవడం.

ఇక నా తప్పు సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్ళ కిందట మా ఆయనకి జ్వరం వచ్చి మంచాన పడ్డాడు. ఆయన తాయెత్తు ఎలిసియో పోసిందే. చొక్కా లోపలి జేబులో గుడ్డసంచిలో కుట్టి ఉండేది. సంచి విప్పకూడదు, గాలి తగలకూడదు, పెళ్ళాం ముట్టకూడదు. నేను ముట్టలేదు. ఆ చొక్కాని తిన్నగా ఏటికి తీసుకుపోయి రాతి మీద పెట్టి చెక్కతో బాదాను. మూడో దెబ్బకి సంచి చిరిగింది. ఇత్తడి ఒక్కసారి తళుక్కుమని నీళ్ళలోకి పోయింది. నడుంలోతు నీళ్ళలో పూట పూటంతా వెతికాను. రెండు చెంచాలూ ఒక చెప్పూ దొరికాయి.

తడి బట్టలతోనే అక్క పెరటి గుమ్మం దగ్గరికి పోయి ఏడ్చాను.

"ఏం పోయిందే? మొగుడా, తాయెత్తా?" అంది అక్క.

"తాయెత్తక్కా. ఆయనకి తెలిస్తే చచ్చిపోతాడు."

"గుండో చావడు, మూలుగుతాడు. అది ఇంకా కష్టం. కూచో."

సాయంత్రానికి పోసేసింది. కొత్త ఇత్తడి తళతళ పోవాలని ఉప్పూ నిమ్మరసమూ రుద్ది, రొయ్యల ఊరగాయలో పాతిపెట్టింది. నేను అదే చొక్కా గుడ్డతో సంచి కుట్టాను. జ్వరం దిగాక మా ఆయన లేచి సంచిని కళ్ళకద్దుకుని ముక్కు చిట్లించాడు.

"ఏంటే, రొయ్యల వాసనొస్తోంది?"

"వారం రోజులుగా నువ్వు స్నానం చెయ్యలేదు. ఇంకేం వాసనొస్తుంది?" అన్నాను.

మూడు నెలలు తిరక్కుండా ఆయన ఎక్కిన జీపు కాలవలో బోల్తా పడింది. ఎక్కినవాళ్ళందరికీ చేతులో కాళ్ళో విరిగాయి. మా ఆయనకి టోపీ నలిగింది, అంతే. ఊరు ఊరంతా వచ్చి చూసింది. ఆ నెలలోనే ఆయన్ని సంఘానికి పెద్దని చేశారు. నేను వడ్డిస్తూ నిలబడ్డాను. గుంపులో చుట్ట తాగుతున్న అక్క నాకేసి చూసి ఒక కన్ను కొట్టింది.

ఈ సంఘం ఏటా గుడ్ ఫ్రైడే నాడు తాయెత్తుకి పరీక్ష పెడుతుంది. పుంజు మెడకి తాయెత్తుని సంచితోనే కట్టి, కాలు గుంజకి కట్టి, వేటకత్తితో మూడుసార్లు విసురుతారు. ఆ రోజు పడిన గాయం మానదంటారు కాబట్టి పుంజు బతికితే తాయెత్తులో బలం ఉన్నట్టు. మా చిన్నప్పుడు ఏటా పుంజులు పోయేవి. గడిచిన పదిహేనేళ్ళుగా ఒక్క ఈక రాలలేదు. మహిమ పెరిగిందన్నారు. మా ఆయన రెండు కళ్ళకీ శుక్లాలు పెరిగాయని నాకు తెలుసు. పుంజు ఎక్కడుందో ఆయనకి కూత వింటే గాని తెలియదు.

ఈ ఏడు శ్రమదినాలు మొదలైన వారంలో అక్క మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ అడగడానికి రాని మనిషి. మా ఆయన అన్నంలో కాఫీ పోసుకుని కలుపుకుంటున్నాడు.

"గుండో అన్నా, పెట్టె ఒక్క పూట ఇస్తావా? ఒక్క అచ్చు చూసి ఇచ్చేస్తాను," అంది.

అది ఏ అచ్చో నాకు తెలుసు. ఎలిసియో మంచం పట్టాక చివరగా చెక్కినది. ఒక పడవ, పైన సూర్యుడు, పడవలో తెడ్లు వేసేవాళ్ళు. చనిపోయినవాళ్ళని అవతలి ఒడ్డుకి దింపే పడవట. కూతురి కోసం చెక్కాడు. పోత పోసే ఓపిక లేక అచ్చుగానే చూపించి పెట్టెలో పెట్టేశాడు. అక్క తన చేత్తో దాన్ని ఎన్నిసార్లు మొదలుపెట్టిందో నేను చూశాను. ప్రతిసారీ ఒకచోట ఆగిపోయేది.

"తెడ్లు ఎన్నో గుర్తు రావటం లేదే పస్తోరా. ఓసారి ఆరనిపిస్తుంది, ఓసారి ఎనిమిదనిపిస్తుంది. నాన్న చేతిలో ఉంది గదా, ఎప్పుడైనా లెక్కపెట్టుకోవచ్చులే అనుకున్నాను," అనేది.

ఈ మధ్య ఆవిడ చేతులు వణుకుతున్నాయి. అందుకే వచ్చింది.

మా ఆయన నమిలి నమిలి మింగాడు. "పెట్టె తెరవకూడదు తెన్సియాంగ్. తెరిస్తే మహిమ పోద్ది. పైగా ఆడచెయ్యి."

"నా చెయ్యి తగిలితే మహిమ పోతుందా?"

"పోద్ది. ఆ మాట నేననటం లేదు, ఆచారం."

"అలాగైతే పరీక్ష పెట్టు. గుడ్ ఫ్రైడే నాడు నీ తాయెత్తు ఒక పుంజుకి, నేను చేసింది ఒక పుంజుకి. నాది నెగ్గితే పెట్టె నాకు. ఓడితే కొలిమి ఆర్పేస్తాను."

మా ఆయన తాయెత్తూ అక్క చేసిందే. ఎటు తిరిగినా గెలిచేది ఆవిడే, ఓడేదీ ఆవిడే. ఆ సంగతి ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు, పందెం ఒప్పుకున్నవాడికి తప్ప.

"సరే," అన్నాడు మా ఆయన దర్జాగా. "పుంజు మా ఆవిడ కపితాన్‌ని తెస్తాను."

అది నేను గుప్పెళ్ళతో మేపి పెంచిన పుంజు. ఆ పూట ఆయనకి రెండోసారి అన్నం పెట్టలేదు.

ఇదిలా ఉండగా మా అమ్మాయి పట్నం నుంచి వచ్చి తండ్రిని బలవంతాన ఆసుపత్రికి తీసుకుపోయి కుడికంటికి ఆపరేషన్ చేయించింది. కట్టు విప్పిన రోజు ఈయన వాకిట్లో నిలబడి, "అదిగో, పక్కింటి లుమెన్ వాళ్ళ మామిడి చెట్టుకి పదకొండు కాయలున్నాయి," అన్నాడు. తరవాత నాకేసి తిరిగి చాలాసేపు చూశాడు. "నువ్వు ముసలిదానివైపోయావే," అన్నాడు.

"అద్దం లోపలుంది, వెళ్ళి చూసుకో," అన్నాను. కానీ నా భయం అది కాదు. చూపు వచ్చింది, కత్తి ఉంది, కపితాన్ ఉంది. ఊరు ఊరంతా పదిహేనేళ్ళ తరవాత మొదటిసారి ఒక పుంజు కోసం నిజంగా ప్రార్థన చేసింది.

గుడ్ ఫ్రైడే పొద్దున అక్క దగ్గరికి పోయాను. నా మొహం చూసే చెప్పింది. "భయపడకు. నోరు విప్పను. నీ కాపురం నాకొద్దు."

"ఓడిపోతే కొలిమి ఆర్పేస్తావా అక్కా?"

"మీ ఆయన కొట్టేది పుంజుని కదా, నన్నా?" అంది. నవ్వబోయింది గాని ఆ రోజు నవ్వకూడదు కాబట్టి చుట్ట నోట్లో పెట్టుకుంది.

మధ్యాహ్నం రెండింటికి సంఘం ప్రార్థన గది ముందు జనం చేరారు. మూడింటికి ప్రభువు ప్రాణం విడుస్తాడు, ఆ తరవాత ఎవరూ ఏ పనీ చెయ్యరు, స్నానం కూడా చెయ్యరు. ఏం జరిగినా ఆ లోపలే జరగాలి. ఆడవాళ్ళం ఒక పక్క నిలబడ్డాం. తొమ్మిదిమంది ముసలివాళ్ళు ఇంకోపక్క. రెండు పుంజులు గుంజలకి కట్టి ఉన్నాయి.

సంఘంలో రెండోవాడు ఆంబో. మా పక్కింటి లుమెన్ మొగుడు. వాడికి చట్టం పిచ్చి.

"ఇది మామూలు పరీక్ష కాదు, పందెం," అన్నాడు. "సంచిలోంచి బయటికి తీసి కట్టాలి. మోసం గీసం ఉండకూడదు."

మా ఆయన ప్రార్థన గొణిగి, కుట్టు తెంపి ఇరవై రెండేళ్ళుగా మూసి ఉన్న సంచిలోంచి బిళ్ళ బయటికి తీశాడు. ఒక చేతిలో తనది, ఒక చేతిలో అక్క గొలుసు. రెండింటినీ వెనక్కి తిప్పాడు.

ఒక సంగతి చెప్పాలి. పోత పోశాక బిళ్ళ వెనకవైపు ఆకురాయితో గరుకు తీస్తారు. ఎలిసియోది కుడిచెయ్యి కాబట్టి ఆ గీతలు కుడికి వాలి ఉంటాయి. దొంగ తాయెత్తుని పట్టుకోవాలంటే వెనక గీతలు చూడమని కుర్రాళ్ళకి ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన పంతులు మా ఆయనే.

రెండు చేతుల్లోనూ గీతలు ఎడమకే వాలి ఉన్నాయి.

ఆయన కొత్త కన్ను ఒకదాని మీదనుంచి ఒకదాని మీదకి పోయింది. తరవాత నాకేసి తిరిగింది. నేను కపితాన్‌కేసి చూస్తూ నిలబడ్డాను. నలభై రెండేళ్ళ కాపురంలో ఆయన నన్ను అంతసేపు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ చూడలేదు.

రెండు పుంజులకీ రెండు బిళ్ళలూ కట్టాడు. కత్తి ఎత్తాడు. పదకొండు మామిడికాయలు లెక్కపెట్టిన మనిషి, కపితాన్‌కి జానెడు అవతల గాలిని మూడుసార్లు నరికాడు. రెండో పుంజుకి ఇంకా మూరెడు అవతల. కపితాన్ అయితే ఈకలు విదుల్చుకుని ఏంటీ గోల అన్నట్టు నేల మీద గింజ ఏరుకుంది.

"సమానం!" అన్నాడు ఆంబో. "సమానం వస్తే ఉన్నది ఉన్నచోటే. పెట్టె సంఘానిదే. తెన్సియాంగ్ కొలిమి కూడా ఉంటుందిలే, బొమ్మలాటకి ఎవరు కాదన్నారు?"

అక్క నాకేసి ఒక్కసారి చూసింది. ఒక్క మాట అంటే పెట్టె ఆవిడదే. అనలేదు. "సరే," అని వంగి పుంజు మెడలోంచి తన గొలుసు విప్పడం మొదలుపెట్టింది. వణికే వేళ్ళకి ముడి రావడం లేదు.

ఆ ముడి దగ్గర నాకు ఓపిక పోయింది.

"ఆగండి!" అని అరిచాను. గుడ్ ఫ్రైడే నాడు ఆడది అరవడం మా ఊరు ఎరగదు. "మా ఆయన తాయెత్తు ఎలిసియోది కాదు. అది ఏట్లో పోయి ఇరవై రెండేళ్ళయింది. పోగొట్టింది నేను. ఇది పోసింది అక్క. జీపు బోల్తా పడ్డప్పుడు జేబులో ఉన్నదీ ఇదే. పదిహేనేళ్ళుగా మీరు పుంజులకి కట్టినదీ ఇదే. ఏం చేస్తారో చేసుకోండి."

నేను నాశనమైపోయాను అనుకున్నాను. అప్పుడు నా పక్కనుంచి లుమెన్ గొంతు వినబడింది, నేల చూస్తూ.

"మాది మా మనవడు మింగేశాడు. మూడు రోజులు ఎదురుచూశాం. రాలేదు."

ఆంబో నోరు తెరిచాడు. చట్టం గుర్తు రాలేదు.

"మాది నేను తాకట్టు పెట్టి విడిపించలేకపోయాను," అంది ఇంకొకావిడ. "మాది గాలానికి బరువుగా కట్టాడు, చేపతోపాటే పోయింది. తాగున్నాడు, గుర్తులేదు ఆయనకి," అంది మరొకావిడ. అలా ఒక్కొక్కరే. అందరం ఒకరికి తెలియకుండా ఒకరం ఆ పెరటి గుమ్మం దగ్గర ఏడ్చినవాళ్ళమే. ఆ ఒక్క గుమ్మానికి ఇన్ని రహస్యాలు తెలుసునని మాకెవరికీ తెలియదు. అక్క ఒకరి మాట ఇంకొకరికి ఎన్నడూ చేరవెయ్యలేదు.

చివరికి మాంగ్ సెలో, పెళ్ళాం పోయి పదేళ్ళైన ముసలాయన, చెయ్యెత్తాడు. "నాది నేనే పోగొట్టుకున్నా. నేనే వెళ్ళా. మీకు చెప్పొద్దని నేనే బతిమాలా," అన్నాడు. అలా ఎనిమిది. తొమ్మిదోవాడు తెర్యో చెవిటివాడు. తన సంచిని రెండు చేతులా పట్టుకుని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. అందులో ఏముందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మా ఆయన కత్తి నేలమీద పెట్టాడు. "తెన్సియాంగ్, జీపులో నన్ను కాపాడింది...?"

"నాకేం తెలుసు గుండో అన్నా? నేను చేసేది బొమ్మలాట," అంది అక్క.

ఆయన లోపలికి పోయి పెట్టె తెచ్చాడు. ఒక్కడే తెచ్చాడు. నలభై ఏళ్ళ కిందట నలుగురు మోసిన పెట్టె. అంత తేలిగ్గా ఎలా ఎత్తాడా అని అప్పుడే అనుమానం వచ్చింది నాకు. అక్క ముందు దించి మూత ఎత్తాడు.

లోపల పొడి ఉంది. గోధుమరంగు పొడి, ఇంత ఎత్తున, చెదలు తినగా మిగిలింది. ఎవరి ప్రార్థనకీ భయపడకుండా ప్రశాంతంగా తిన్నాయి. అక్క మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ అందులో పెట్టి వెతికింది. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. బొటనవేలి గోరు కంటే పెద్ద ముక్క ఒక్కటీ దొరకలేదు. పడవ లేదు, సూర్యుడు లేడు.

"మేం తెరవలేదు," అన్నాడు మా ఆయన. "పవిత్రమని. ఒక్కసారి కూడా తెరవలేదు తెన్సియాంగ్."

అక్క ఏడ్చింది. తండ్రి తొమ్మిదో రోజున కూడా కాఫీ పోస్తూ నిలబడ్డ మనిషి, మోచేతుల దాకా ఆ పొడితో అందరి ముందూ ఏడ్చింది. నాకు ఆ తొమ్మిదిమందినీ ఆ గుంజలకి కట్టి కత్తి నేను పట్టుకోవాలనిపించింది. నా మొగుడితో సహా. ఆవిడ అడిగింది ఒక్క పూట చూపు. దాన్ని కూడా భద్రంగా దాచి చంపేశారు.

కొంతసేపటికి ముక్కు చీదుకుని తలెత్తింది. "ప్రతి శుక్రవారం దీనికి కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళు కదూ?"

"వెలిగించాం," అన్నాడు ఆంబో.

"పాపం, చెదపురుగులు చీకట్లో తినకుండా," అంది. అప్పుడు లుమెన్‌కి నవ్వొచ్చింది. తరవాత నాకు. తరవాత ఆడవాళ్ళందరికీ. నవ్వకూడని రోజున నోళ్ళు కొంగుల్లో కుక్కుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వాం. మూడింటికి చర్చి గంటకి బదులు కొట్టే చెక్కబాజా మోగేదాకా ఆపలేకపోయాం.

ఆ రాత్రి మా ఆయన అన్నం తినలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. పడుకోబోయే ముందు మాత్రం, "రొయ్యల ఊరగాయలో పెట్టారు కదూ?" అని అడిగాడు.

"అవును."

"నాకు తెలుసు వాసన," అని అటు తిరిగి పడుకున్నాడు. తాయెత్తు జేబులోనే ఉంది.

పండగ అయ్యాక సోమవారం పొద్దున తొమ్మిదిమందీ అక్క ఇంటి కిందకి వచ్చారు. ఎందుకొచ్చారో వాళ్ళకే తెలియదు. అక్క వాళ్ళని కూచోమనలేదు, పొమ్మనలేదు. దిమ్మ మీద కొత్త పనసచెక్క ఉంది. పడవ అంచు, సూర్యుడు అప్పటికే చెక్కింది.

"పెట్టె మోసుకుపోయిన రోజు మీరందరూ లోపల చూశారు కదా, మూత వేసే ముందు," అంది. "తెడ్లెన్ని?"

"ఆరు," అన్నాడు మా ఆయన.

"ఎనిమిది. నేను లెక్కపెట్టా," అన్నాడు ఆంబో.

"నువ్వు చేతివేళ్ళు లెక్కపెట్టడమే రాదు," అన్నాడు మా ఆయన.

"అది పడవ కాదు, చేప," అన్నాడు మాంగ్ సెలో.

తెర్యో కాఫీ ఎప్పుడిస్తారని అడిగాడు. వాళ్ళు అలా కొట్టుకుంటూనే ఉన్నారు. మేం ఆడవాళ్ళం అన్నమూ ఎండుచేపలూ తెచ్చి పెట్టాం, తింటూ కూడా కొట్టుకున్నారు. అక్క చెవులు అప్పగించి చెక్కుతూనే ఉంది. వేళ్ళు వణికినప్పుడు ఆపేది, నేను చెక్క పట్టుకునేదాన్ని, మళ్ళీ మొదలుపెట్టేది. మధ్యాహ్నానికి ఉలి కింద పెట్టి పొట్టు ఊదేసింది.

మా ఆయన వంగి కొత్త కన్నుతో లెక్కపెట్టాడు. ఇంకోసారి లెక్కపెట్టాడు. "తొమ్మిదేంటి? ఒక పక్క నాలుగు, ఒక పక్క అయిదా? పడవ తిన్నగా పోద్దా?"

"పోదు. గుండ్రంగా తిరుగుతుంది," అంది అక్క. "తెడ్లు వేసేది మీరు తొమ్మండుగురు కదా మరి."

"మీ నాన్న ఇలా చెక్కలేదు."

"నాన్న ఎలా చెక్కాడో చూడడానికి వచ్చాను కదా, మీ ఇంటికి. ఇది నేను చెక్కింది."

అక్క అచ్చుని మట్టిలో అదిమింది. కొలిమి రాజేసింది. సాయంత్రానికి మొదటి పడవ చల్లారి, ఆకురాయి కింద రంగు తేలింది. దాన్ని తాడుకి కట్టి, అందరూ చూస్తుండగా నా మెళ్ళో వేసింది. ఇత్తడి ఇంకా వెచ్చగా ఉంది.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాకెప్పుడు పోస్తావు తెన్సియాంగ్?"

"మీ ఆడవాళ్ళందరికీ అయ్యాక. వరసలో నిలబడండి," అంది అక్క చుట్ట వెలిగించుకుంటూ.

ఆడవాళ్ళం వెళ్ళి కొలిమి ముందు వరస కట్టాం. సంఘం పెద్ద సెగుందినో నలిగిన టోపీ తీసి చేత్తో పట్టుకుని, వరస చివర నిలబడ్డాడు.